శరదృతువు పాటలు, వేళ్ల ఆటలు: అమ్మానాన్నలు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పుట్టింది తణుకు దగ్గర పల్లెలో, మెట్టింది హనుమకొండలో. పద్నాలుగేళ్లుగా రెండేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలతోనే నా పని. వినాయక చవితి అయిందంటే చాలు, తల్లులు, కొత్తగా చేరిన టీచర్లు, అంగన్‌వాడీల్లో పనిచేసే చెల్లెళ్లు ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇందులోని చిన్న పాటలు మా తరగతిలో పిల్లలతో ఆడుతూ ఆడుతూ కట్టుకున్నవే. వాడుకోండి, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

శరదృతువంటే ఆకులు రాలే కాలం కదా, మీ పాటల్లో ఒక్క ఆకూ రాలదేంటి?

మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో అండి. మాఘ, ఫాల్గుణ మాసాల్లో వేపచెట్టు కిందో రావిచెట్టు కిందో చూడండి, ఊడ్చినకొద్దీ ఆకులే. ఆశ్వయుజం, కార్తీకం మనకు పూల నెలలు. వానలు తగ్గుముఖం పట్టి ఆకాశం కడిగి ఆరబెట్టినట్టు ఉంటుంది, చెరువుగట్ల మీద రెల్లు తెల్లగా పూస్తుంది, రోడ్డు పక్కన తంగేడు పొదలు పసుపు ముద్దల్లా ఉంటాయి, సాయంత్రం అయ్యేసరికి చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన ఒక ప్లేస్కూల్లో అక్టోబరు నెల ప్లాన్ అంటూ ఒక కాగితం ఇచ్చారు. నారింజ రంగు కాగితంతో ఆకులు కత్తిరించాలి, అవి రాలుతున్నట్టు చేతులు ఊపుతూ ఇంగ్లిష్ పాట పాడించాలి. పాడించాను. నాలుగేళ్ల పాప ఒకతి కిటికీలోంచి మా వేపచెట్టు చూసి, "టీచర్, మన చెట్టు బాగానే ఉంది కదా, దానికి జ్వరం రాలేదు కదా" అంది. ఆకులు రాలడమంటే చెట్టుకు ఒంట్లో బాగోలేదని అనుకుంది ఆ పిల్ల. ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుదల: పాటలో ఉన్నది పాట అయిపోయాక వాకిట్లోకి తీసుకెళ్తే కనబడాలి, చేత్తో ముట్టుకునేలా ఉండాలి. కింద రాసినవన్నీ ఆ పట్టుదలతో పోగుచేసినవే.

మాది న్యూజెర్సీ. ఇక్కడ అక్టోబరులో నిజంగానే ఎర్రటి ఆకులు రాలతాయి. మరి మేమేం పాడాలి?

ఆకుల పాటే పాడండి! మీ వాకిట్లో ఉన్నది ఆకే అయినప్పుడు దాని మీదే తెలుగులో పాడుకోవాలి. మేపుల్ ఆకు చూశారు కదా, అచ్చం వేళ్లు చాపిన అరచేయిలా ఉంటుంది, వేళ్ల ఆటకు అంతకంటే మంచి వస్తువు దొరకదు. కింద పడ్డ ఆకు ఒకటి తెచ్చి బాబు అరచేయి దాని మీద పెట్టించి, వేలికి వేలు ఆనించి, ఇలా పాడొచ్చు:

ఎర్రాకమ్మా ఎర్రాకు
ఐదు వేళ్ల ఎర్రాకు
గాలి వచ్చి పిలిచింది
గిరగిర గిరగిర తిరిగింది
కొమ్మను వదిలి వచ్చింది
నా అరచేతిలో వాలింది

"గిరగిర" దగ్గర చేతిని మణికట్టు నుంచి తిప్పుతూ కిందికి దించాలి, "వాలింది" దగ్గర మీ చెయ్యి పిల్లాడి అరచేతిలో వాలిపోవాలి. బతుకమ్మ నాడు మీ ఊళ్లో తెలుగువాళ్లంతా కలిసినప్పుడు అక్కడ దొరికే చామంతులతోనే పేరుస్తారు కదా, పాటకూ అదే పద్ధతి.

ఏ వయసు నుంచి మొదలుపెట్టొచ్చు?

ఒళ్లో కూర్చునే వయసు నుంచే. కాకపోతే ఏ వయసుకు ఏది చేయగలరో మనకు తెలిసి ఉండాలి, లేకపోతే అనవసరంగా టెన్షన్ పడతాం. తొమ్మిది, పది నెలలకు చప్పట్లు కొడతారు. ఏడాది వయసుకు చూపుడు వేలితో చూపించడం మొదలవుతుంది. రెండేళ్ల పిల్లని రెండు వేళ్లు చూపించమంటే అన్ని వేళ్లూ కలిపి లేపేస్తుంది, లేదా రెండో చేత్తో మిగతా వేళ్లను మడిచి పట్టుకుంటుంది, అది తప్పు కాదు, ఆ వయసుకు అదే సరి. బొటనవేలిని ఒక్కో వేలికీ వరసగా తాకించడం నాలుగు, ఐదేళ్లకు గానీ సాఫీగా రాదు. అందుకే చిన్నవాళ్లకు అరచెయ్యి మొత్తం వాడే ఆటలు, పెద్దవాళ్లకు విడి వేళ్ల ఆటలు.

మాకు ఏమీ రాదు. మొట్టమొదట ఏది నేర్పాలి?

అట్టు ఆట. మా వైపు అట్లతద్ది అంటే ఆశ్వయుజ బహుళ తదియ, అంటే పున్నమి వెళ్లిన మూడో రోజు. చీకటితో లేచి గోంగూర పచ్చడి, పెరుగు వేసుకుని అన్నం తినేసి, గోరింటాకు ఎర్రగా పండిన చేతులతో ఉయ్యాల ఎక్కడానికి పరుగెత్తేవాళ్లం. వాయనంలో పదకొండు అట్లు ఇచ్చేవారు. ఆ అట్లు పోస్తుంటే పొయ్యి పక్కన కూర్చున్న చిన్నపిల్లల్ని ఊరుకోబెట్టడానికి ఇలాంటివి చాలా పనికొస్తాయి:

అట్టు అట్టు తిరగెయ్యి
పొట్ట కాలింది తిరగెయ్యి
వీపు కాలింది తీసెయ్యి
చిట్టి నోట్లో పెట్టెయ్యి

పిల్ల అరచెయ్యి మీ అరచేతిలో పెట్టుకోండి. అదే పెనం. మొదటి వరసలో చెయ్యి వెల్లకిలా, రెండో వరసలో బోర్లా. మూడో వరసలో చెయ్యి పైకి లేపాలి, నాలుగోదాంట్లో నోటి దగ్గరికి తీసుకెళ్లి "హాం" అనాలి. ఏడాది పిల్లకి ఇది పదిసార్లు ఆడినా పదకొండోసారి తనే చెయ్యి తెచ్చి మన చేతిలో పెడుతుంది. అరచెయ్యి తిప్పడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, రేపు చెంచాతో అన్నం కింద పడకుండా తినాలన్నా, తలుపు గడియ తిప్పాలన్నా కావాల్సింది ఆ తిప్పడమే.

బతుకమ్మ పాటలు చాలా పొడుగు కదా, మూడేళ్ల పిల్లలకు ఎలా?

మొత్తం పాట నేర్పక్కర్లేదు. పెద్దవాళ్లు కథ చెప్తూ పాడతారు, పిల్లలకు చివర్లో వచ్చే "ఉయ్యాలో" చాలు. ఒకరు ఒక వరస అంటే మిగతా అందరూ పల్లవి అందుకోవడమే ఈ పాటల పద్ధతి, అంటే చిన్నపిల్లలు కలిసేందుకు చోటు ముందే ఉంది. వాళ్లకు ఒక్క మాట ఇవ్వండి, ఆ మాట తమ వంతుకు వచ్చేదాకా ఎంత జాగ్రత్తగా కాచుకుని ఉంటారో చూడండి.

మా తరగతిలో మాత్రం పిడికిళ్ల బతుకమ్మ పేరుస్తాం. ఇద్దరు కూర్చోవాలి, అమ్మ, పాప అనుకుందాం. నేల మీద ముందు అమ్మ పిడికిలి, దాని మీద పాప పిడికిలి, మళ్లీ అమ్మది, మళ్లీ పాపది. ఒక్కో పిడికిలీ ఒక్కో వరస పూలు:

తంగేడు పువ్వొకటి ఉయ్యాలో
తాంబాళం ఎక్కింది ఉయ్యాలో
గునుగు పువ్వొకటి ఉయ్యాలో
గునగున నడిచొచ్చె ఉయ్యాలో
బంతి పువ్వొకటి ఉయ్యాలో
బంతిలా ఎగిరొచ్చె ఉయ్యాలో
గుమ్మడి పువ్వొకటి ఉయ్యాలో
గుమ్మటమై కూర్చుంది ఉయ్యాలో
పసుపు గౌరమ్మొచ్చి ఉయ్యాలో
పక్కున నవ్వింది ఉయ్యాలో

ఆఖరి రెండు వరసలకు పైనున్న పిడికిలిలోంచి బొటనవేలు లేస్తుంది. ఆ వేలే గౌరమ్మ. పాప పిడికిలే పైన ఉంటుంది కాబట్టి గౌరమ్మ ఎప్పుడూ పాపదే. వేలు లేపే ముందు ఒక్క క్షణం ఆగండి. మా పిల్లలు అక్కడ ఊపిరి బిగబట్టి చూస్తారు.

బతుకమ్మ తొమ్మిది రోజులూ మేం రోజుకో చిన్న మార్పు చేస్తాం. పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలవుతుంది కదా, ఆ రోజు రెండే పిడికిళ్లు. అట్ల బతుకమ్మ నాడు పైన చెప్పిన అట్టు ఆట కూడా కలుస్తుంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు, నైవేద్యమూ ఉండదు కాబట్టి మేమూ చేతులు కట్టుకుని, మూతి ముడుచుకుని కూర్చుంటాం. పిల్లలకు ఆ అలక రోజంటే ఎంత ఇష్టమో! ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి పిల్లలంతా ఒకరి మీద ఒకరు పిడికిళ్లు పెట్టి పేరుస్తారు. హనుమకొండలో ఆ సాయంత్రం పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మల్ని చూసి వచ్చిన పిల్లలు మర్నాడు చేసే పిడికిళ్ల బతుకమ్మ వేరుగా ఉంటుంది, ఎత్తుగా, గర్వంగా.

మగపిల్లలతో ఆడించొచ్చా?

ఎందుకు ఆడించకూడదు? గునుగు పూలు తెంపుకొచ్చేది, కట్టలు కట్టేది, వాటి కొసలు రంగు నీళ్లలో ముంచేది ఇంట్లో మగవాళ్లూ, అబ్బాయిలే కదా. మా తరగతిలో అందరూ ఆడతారు.

నా గొంతు అస్సలు బాగోదు. రికార్డు చేసిన పాట పెట్టనా?

వద్దండి. మీ పిల్లకి మీ గొంతు బాగానే ఉంటుంది. రికార్డు పాటకు ఆగడం రాదు, పిల్ల వేలు లేవడానికి రెండు క్షణాలు ఎక్కువ పడితే పాట వెళ్లిపోతుంది, మీరైతే ఆగుతారు.

ఫోన్‌లో యానిమేషన్ పాటలు చూపిస్తే త్వరగా నేర్చుకుంటున్నాడు కదా?

మాటలు పలకడం నేర్చుకుంటాడేమో, వేళ్లు మాత్రం ఒళ్లోనే ఉండిపోతాయి. పైగా అందులో పిల్లాడు తప్పు చేసినా బొమ్మ నవ్వుతూనే ఉంటుంది, ఒప్పు చేసినా అదే నవ్వు. మీకు కొత్త పాట కావాలంటే మీరు చూసి నేర్చుకోండి, ఫోన్ పక్కన పెట్టేశాక పిల్లాడికి నేర్పండి.

దీపావళికి, కార్తీకానికి ఏదైనా చెప్పండి. కొవ్వొత్తి పాటల్లో చివర ఊదేస్తారు, మా అత్తగారికి అది నచ్చలేదు.

మీ అత్తగారు చెప్పింది నిజమే, మన ఇళ్లలో దీపాన్ని నోటితో ఊదరు. దీపం ఆరిపోయింది అని కూడా అనరు, కొండెక్కింది అంటారు. నాకు ఆ మాట ఎంత ఇష్టమంటే, దాన్నే ఆటలో పెట్టేశాం. ఎడమ చేతి పిడికిలి మూసి ఉంచాలి. కుడి చూపుడు వేలు వత్తి వెలిగించే పుల్ల. అది తాకిన వేలు లేస్తుంది, చిటికెన వేలితో మొదలు:

ఒకటో దీపం వాకిట్లో
రెండో దీపం వంటింట్లో
మూడో దీపం గోడ గూట్లో
నాలుగో దీపం తులసి కోట్లో
ఐదో దీపం అమ్మ కళ్లల్లో
తెల్లతెల్లవారింది
దీపం కొండెక్కింది

"అమ్మ కళ్లల్లో" దగ్గర పిల్లలు అమ్మ ముఖంలోకి చూడాలి. చివరి వరసలో ఐదు వేళ్లూ మోచేతి మీదుగా టకటకా నడుచుకుంటూ భుజం దాకా ఎక్కి, చెవి వెనక దాక్కుంటాయి. ఉంగరపు వేలు ఒక్కటే లేవమంటే పెద్దవాళ్లకే కష్టం, పిల్లలకు లేవకపోతే చూపుడు వేలితో కాస్త ఎత్తి పట్టుకోనివ్వండి.

ఐదేళ్లు దాటినవాళ్లకు ఇదే పాట బొటనవేలిని వెలిగించే పుల్లగా చేసి ఆడించొచ్చు. బొటనవేలు వెళ్లి నాలుగు వేళ్ల కొసల్నీ తాకి వెలిగిస్తుంది, ఐదో దీపం బొటనవేలే. మా చిన్నప్పుడు దీపావళి సందెవేళ గోగుకర్రలకు నూనెవత్తులు కట్టి, వెలిగించి తిప్పేవాళ్లం, అందులో నాగుల చవితి మళ్లీ వస్తుందని పాడేవాళ్లం. నిప్పుతో పని కాబట్టి ఇప్పుడు ఈ వయసు వాళ్లకు ఉత్త చేతులతోనే తిప్పిస్తాను.

పూజలు, పండుగలు లేని ఇళ్ల పిల్లలు కూడా ఉన్నారు మా క్లాసులో. ఎలా?

మంచి ప్రశ్న. నా దగ్గరా అన్ని ఇళ్ల పిల్లలూ ఉన్నారు. మబ్బు, పువ్వు, పండు అందరివీ. ఏడాది మొదట్లోనే ప్రతి తల్లితో మాట్లాడతాను, వాళ్లకు ఇబ్బందిగా అనిపించిన వరస మార్చేస్తాను, గౌరమ్మ బదులు "చిట్టి పువ్వొకటి" అంటే పిడికిళ్ల ఆట ఆగిపోదు. సీతాఫలం పాట అయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు:

సీతాఫలం కళ్లు మూసె
బియ్యం డబ్బాలో బజ్జుంది
ఒక రోజు, రెండు రోజులు
మూడో రోజు కళ్లు తెరిచె
గుజ్జు తీపి, గింజ నలుపు
తూ తూ తూ!

పిడికిలి మూస్తే వేళ్ల కణుపులు అచ్చం సీతాఫలం మీది గుబ్బల్లా ఉంటాయి. రెండో చెయ్యి దాన్ని కప్పేస్తుంది, అదే బియ్యం డబ్బా. రోజులు లెక్కపెడుతూ మూత తీసి, పిడికిలిని మెల్లగా, చాలా మెల్లగా తెరవాలి. కాయ కళ్లు తెరవడం అనే మాట పల్లెల్లో అందరికీ తెలుసు, పట్నం పిల్లలకు మాత్రం నిజం కాయ తెచ్చి, గుబ్బల మధ్య పసుపు గీతలు చూపించాలి. గింజలు గొంతులో పడే ప్రమాదం ఉంది కాబట్టి మూడేళ్ల లోపు వాళ్లకు గింజ తీసిన గుజ్జే పెట్టండి.

పూలు చేతికిస్తే నోట్లో పెట్టుకుంటారు కదా, భయం లేదా?

ఉంది. గన్నేరు మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు, పువ్వు, ఆకు, కొమ్మ, అన్నీ విషమే. బతుకమ్మలో కొందరు గన్నేరు పూలు వాడతారు, అవి పెద్దవాళ్ల చేతుల్లోనే ఉండాలి. నేను బంతి, గుమ్మడి పూలు ఇస్తాను, పక్కనే కూర్చుంటాను, ఆట అయ్యాక చేతులు కడిగిస్తాను. బజారులో కొన్న పూల మీద మందు కొట్టి ఉండొచ్చు, కాబట్టి ముందు నీళ్లలో జాడించండి.

అల్లరి ఎక్కువైనప్పుడు నెమ్మదింపజేసే ఆట ఏదైనా ఉందా?

పారిజాతం. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, కొంచెం వివరంగా చెప్తాను. శరత్తులో పారిజాతం రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతుంది. మా బడి గోడ పక్కన ఒక చెట్టుంది, ఎనిమిదిన్నరకు పిల్లలు వచ్చేసరికి కింద తెల్లగా పరుచుకుని ఉంటాయి. ఒక్కో పిల్లకి ఒక్కో పువ్వు, అరచేతిలో. కాడ కాషాయం రంగు. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపితే గోళ్లకు పసుపు రంగు అంటుతుంది, పిల్లలు ఆ గోళ్లు ఇంటికెళ్లేదాకా చూసుకుంటూ ఉంటారు.

రాత్రి రాత్రి విచ్చింది
పొద్దున పొద్దున రాలింది
తెల్లని గౌను, కాషాయం కాలు
ఎవరమ్మా నువ్వు?
పారిజాతాన్నమ్మా

మొదటి వరసకు ముడిచిన ఐదు వేళ్లు ఒక్కటొక్కటిగా విచ్చుకోవాలి. రెండో వరసకు చెయ్యి బోర్లా తిరిగి చప్పుడు లేకుండా ఒళ్లోకి దిగాలి. చప్పుడు వచ్చిందంటే పువ్వు నలిగినట్టు, మళ్లీ మొదటి నుంచి. ఇరవై మంది చేతులు ఒకేసారి చప్పుడు లేకుండా దిగడం చూశారా ఎప్పుడైనా! ఆఖరి రెండు వరసలు గుసగుసగా అనాలి.

మా బాబు వేళ్లు కదపడు, ఊరికే చూస్తూ కూర్చుంటాడు. ఆసక్తి లేదంటారా?

చూడనివ్వండి. చెయ్యి పట్టుకుని బలవంతంగా ఆడించకండి. రెండేళ్ల క్రితం మా దగ్గర ఒక బాబు దసరా సెలవుల దాకా ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు, నోరు విప్పలేదు. సెలవుల్లో వాళ్ల అమ్మమ్మ ఫోన్ చేసింది. చెరువు గట్టు మీద కూర్చుని మేనమామ కూతురికి పిడికిళ్ల బతుకమ్మ మొత్తం నేర్పిస్తున్నాడట, ఆగాల్సిన చోట ఆగి మరీ. ఆవిడ చెప్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయితే ఒక మాట. ఏడాది దాటినా వేలితో ఏదీ చూపించకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, పిలిస్తే పలకకపోయినా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, వినికిడి పరీక్ష కూడా చేయించమని అడగండి. మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయిలే అని ఎవరన్నా చెప్పినా ఆగొద్దు. పాటలు మాత్రం ఈలోగా మానొద్దు.

పాతిక మంది పిల్లలు, ఒక్కదాన్నే. అందరితో ఎలా ఆడించాలి?

అర్ధచంద్రాకారంగా కూర్చోబెట్టండి, అందరికీ మీ చేతులు కనిపించాలి. మీరు పిల్లలకు ఎదురుగా కూర్చుంటారు కాబట్టి వాళ్లు కుడిచెయ్యి ఎత్తాలంటే మీరు ఎడమ చెయ్యి ఎత్తాలి. వారానికి ఒక్క పాటే. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి మూడు నాలుగు నిమిషాలు, అంతకు మించొద్దు. అన్నం తినే ముందు చేతులు కడుక్కోవడానికి వరసలో నిలబడతారే, ఆ ఐదు నిమిషాలు బంగారం లాంటివి.

నానమ్మ ఒకలా, అమ్మమ్మ ఒకలా పాడుతున్నారు. పాప తికమక పడదా?

పడదు. మా ఇంట్లోనే మా అత్తమ్మ తాంబాళం అంటుంది, మా అమ్మ పళ్లెం అంటుంది. మా అమ్మాయి ఎవరి ఒళ్లో కూర్చుంటే వాళ్ల మాటతో పాడేది. ఇద్దరి దగ్గరా పాడించి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి, ఈ ఏడాదే చేయండి, వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోకండి.

ఈ పాటలు ఎప్పటిదాకా పాడాలి?

కార్తీక మాసం వెళ్లేదాకా మేం పాడతాం. ఆఖరున ఉసిరిచెట్టు కింద వనభోజనం పెట్టుకుంటాం, పిల్లలు ఇంటి నుంచి పులిహోరో పెరుగన్నమో తెచ్చుకుంటారు. తిన్నాక ఎవరికి ఏ పాట కావాలో వాళ్లే అడుగుతారు. పోయినేడాది నాలుగుసార్లూ అట్టు ఆటే అడిగారు.